సున్నం డబ్బీలో ఫిల్లింగ్

"బిడ్డా, నీ సామాను నీకు ముట్టజెప్దామని వచ్చిన" అంటూ కాక అంగీ జేబులోంచి తంబాకు డబ్బీ తీశాడు.

మా బాయి పనోళ్ళ జేబుల్లో ఉండే రెండు మూతల డబ్బీ. ఒక వైపు తంబాకు, ఇంకో వైపు సున్నం. సున్నం వైపు మూత తీసి టిష్యూ మీద బోర్లించాడు. శనగగింజంత తెల్ల ముక్క ఒకటి జారిపడింది. ఎనిమిది నెలల కింద ఆయన కుడి దవడ పన్నులో నేను పెట్టిన ఫిల్లింగ్ అది.

"పొద్దుగాల మక్క గుడాలు తింటాంటే ఊసొచ్చింది. మింగుతనేమోనని గుండె జల్లుమన్నది" అని నవ్వాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "అరిగిపోయిందా బిడ్డా? వక్కపలుకులు బాగ నములుత గదా. దాంతోటేనా?"

నాకు ఎంత సులువైన దారి చూపించాడో ఆయనకు తెలియదు. "అవును కాకా, ఎన్నిసార్లు చెప్పినా మానవైతివి" అంటే చాలు. ఆయన తల ఊపి, ఇంకోసారి డబ్బులిచ్చి, కొత్తది పెట్టించుకుని శ్రీరాంపూర్ ఆటో ఎక్కేవాడు. ఫిల్లింగ్ ఊడితే పేషెంట్ తిండి మీదికి, బ్రష్ మీదికి, తంబాకు మీదికి నెట్టడం మా వృత్తిలో పాత అలవాటే. చాలాసార్లు అది నిజం కూడా. అందుకే ఆ మాట అంత తేలిగ్గా నోట్లోకి వస్తుంది.

ఆయన నాకు సొంత చిన్నాన్న కాదు. మా బాపుతో కలిసి తట్టా చెమ్మస్ పట్టిన మనిషి. బాపు రిటైరయ్యాడు, కాకకు ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉంది. నేను బీడీఎస్ చదివి మంచిర్యాలలో క్లినిక్ పెట్టిన రోజు మొదటి పేషెంట్‌గా వచ్చి, ఏ నొప్పీ లేకపోయినా కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది ఆయనే.

ఎనిమిది నెలల కింద ఆయనకు నేను చెప్పిన మాట నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "ఇది మామూలు సిమెంట్ కాదు కాకా. బయోయాక్టివ్. పన్నుకు కాల్షియం ఇస్తది." మామూలు ఫిల్లింగ్ కన్నా వెయ్యి రూపాయలు ఎక్కువ తీసుకున్నాను.

ఈ బయోయాక్టివ్ అనే మాట ఇప్పుడు మీకూ రీల్స్‌లో కనిపిస్తూ ఉండవచ్చు. "మేడం, ఆ కొత్త ఫిల్లింగ్ వేస్తారా, పన్నును తనే బాగు చేస్తుందట కదా" అని అడిగే పిల్లలు వారానికి ఒకరైనా వస్తున్నారు. కాబట్టి కాకను కుర్చీలో కూర్చోబెట్టి, ఆ ముక్కను లూప్ కింద పెట్టే లోపు, అసలు కథ కొంచెం చెప్పాలి.

1967లో అమెరికాలో లారీ హెంచ్ అనే మెటీరియల్స్ ప్రొఫెసర్ ఒక సదస్సుకు బస్సులో పోతున్నాడు. పక్క సీట్లో వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికాధికారి. యుద్ధంలో కాళ్ళూ చేతులూ పోగొట్టుకుంటున్న కుర్రాళ్ళ గురించి చెబుతూ, లోపల పెట్టిన లోహాన్నీ ప్లాస్టిక్‌నూ ఒళ్ళు తోసేస్తోంది, ఒళ్ళు ఒప్పుకునే పదార్థం ఏదైనా చేయలేరా అని ఆయన అడిగాడు. హెంచ్ ఆ ప్రశ్న పట్టుకుని 1969లో ఒక గాజును తయారు చేశాడు. ఎముక పక్కన పెడితే ఆ గాజు కొంచెం కొంచెం కరుగుతుంది. కరిగిన కాల్షియం, ఫాస్ఫేట్ దాని ఒంటి మీదే ఎముక లాంటి పొరగా పేరుకుంటాయి. ఆ పొరకు అసలు ఎముక అతుక్కుంటుంది. బయోగ్లాస్ అంటే అదే.

ఇక్కడ పట్టుకోవలసిన మాట 'కరుగుతుంది'. ఎముకలో అది వరం. ఎముక దాని చోటును నింపుకుంటుంది. దవడ పన్ను నడినెత్తి మీద సంగతి వేరు. అక్కడ కరిగిన చోటును నింపడానికి ఎవరూ రారు. పైగా రోజుకు మూడుసార్లు తిండి వచ్చి రుద్దుతుంది.

మనం మామూలుగా పెట్టే పన్ను రంగు ఫిల్లింగ్‌ను కాంపోజిట్ అంటారు. రఫేల్ బోవెన్ అనే అమెరికన్ 1962లో పేటెంట్ పొందిన రెసిన్‌తో దీని కథ మొదలైంది. కాంక్రీట్ అనుకోండి. రెసిన్ సిమెంటు, అందులో కలిపిన సన్నటి గాజు పొడి కంకర. నమిలేటప్పుడు ముందు మెత్తటి రెసిన్ అరుగుతుంది. గాజు రేణువులు తేలి, పట్టు తప్పి, ఒక్కొక్కటే రాలిపోతాయి. మన గల్లీల్లో సీసీ రోడ్డు మీద నాలుగు వానాకాలాల తర్వాత కంకర తేలుతుంది చూడండి, అచ్చం అలాగే. బయోయాక్టివ్ రెసిన్ ఫిల్లింగ్‌లో ఆ కంకరలో కొంత కావాలనే కరిగేది వేస్తారు. ఫ్లోరైడ్, కాల్షియం లాంటివి బయటికి రావాలంటే నీళ్ళు లోపలికి పోవాలి. కాబట్టి కొన్ని రకాల్లో రెసిన్ కూడా నీళ్ళను కొంచెం పీల్చేలా ఉంటుంది. నీళ్ళు పీల్చిన రెసిన్ మెత్తబడుతుంది.

ఇవ్వాలంటే ఎంతో కొంత కరగాలి, నిలవాలంటే కరగకూడదు. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఆగాలన్నదే ఆ కంపెనీలన్నిటి తలనొప్పి. కొన్ని బాగానే ఆగాయి. ల్యాబులో కొన్ని రకాలు మామూలు కాంపోజిట్‌కు దగ్గరగా నిలబడ్డాయి, కొన్ని ఎక్కువ అరిగాయి. అన్నిటి మీదా అట్ట మీద ఒకటే మాట ఉంటుంది, బయోయాక్టివ్ అని.

ల్యాబులో దీన్ని చూడడానికి నమిలే యంత్రాలు ఉన్నాయి. ఒక గట్టి మొన ఫిల్లింగ్ మీద సాధారణంగా 5 కిలోల బరువుతో దిగుతుంది, కొంచెం పక్కకు జరుగుతుంది, లేస్తుంది. చుట్టూ 5 డిగ్రీల చల్లటి నీళ్ళు, 55 డిగ్రీల వేడి నీళ్ళు మార్చి మార్చి వదులుతారు. 12 లక్షల సార్లు అలా చేస్తే నోట్లో ఐదేళ్ళతో సమానమని ఒక వాడుక లెక్క. అంటే రోజుకు దాదాపు 650 తాకుళ్ళు.

కాక లెక్క వేరు. బాయి లోపల బీడీ ముట్టించకూడదు, మీథేన్ ఉన్నచోట నిప్పురవ్వ చాలు. అన్ని గంటలు కింద ఉండే మనిషికి నోట్లో ఏదో ఒకటి ఆడుతూ ఉండాలి. మా బాపు కూడా అంతే. అందుకే మా వైపు పాత కార్మికుల దవడ పళ్ళు చూస్తే పైన ఉండాల్సిన చిన్న చిన్న గుట్టలు కనబడవు, పళ్ళెంలా చదునుగా ఉంటాయి. వక్కపలుకు సంగతి అందరికీ తెలిసిందే. తంబాకులో కూడా సన్నటి ఇసుక ఉంటుంది. బొగ్గు దుమ్ము పళ్ళను అరగదీస్తుందని మా ఇళ్ళల్లో అనుకుంటారు గానీ బొగ్గు మెత్తది. గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద పన్ను ఎనామెల్ 5 దగ్గర ఉంటే, ఇసుకరాయిలోని క్వార్ట్జ్ 7. మన గోదావరి లోయలో బొగ్గు పొరల మీదా కిందా ఉండేది ఎక్కువగా ఇసుకరాయే. డ్రిల్లు వేసినప్పుడు లేచే రాతి దుమ్ము నోట్లో పడితే అది పళ్ళ మధ్య గరుకు కాగితంలా పనిచేస్తుంది. డెన్మార్క్‌లో గ్రానైట్ పనివాళ్ళ పళ్ళు ఇలాగే అరగడం గురించి 1988లోనే రాశారు.

అసలు పన్ను కూడా అరుగుతుందని మరచిపోవద్దు. బెల్జియం పరిశోధకులు 1989లో కొలిచిన లెక్క ప్రకారం, దవడ పళ్ళు ఒకదానికొకటి తగిలే చోట ఎనామెల్ ఏడాదికి దాదాపు 29 మైక్రాన్లు పోతుంది. వెంట్రుక మందంలో సగం కన్నా తక్కువే. మంచి ఫిల్లింగ్ నుంచి మనం కోరేది పన్నుతో పాటే అరగమని. ముందే అరిగితే పై పన్ను కిందికి దిగుతుంది, అసలు అరక్కపోతే ఎదుటి పన్నును తినేస్తుంది.

ఇంత తెలిసిన దాన్ని కాబట్టి, ఆ రోజు ఆ ముక్కను లూప్ కింద పెట్టేటప్పుడు నేను కూడా లోలోపల వక్కపలుకు వైపే ఉన్నాను. నిజం చెప్పాలంటే, అదే కావాలని కోరుకున్నాను.

పైభాగం చూశాను. మెరుపు పోయి గరుకుగా ఉంది. ఒక చోట చిన్న గుంట. అంతే. ఎనిమిది నెలలకు, అదీ కాక నోట్లో, అంత అరగడం వింతేం కాదు. విరిగిన గీత లేదు. తిప్పి కింది వైపు చూశాను. నున్నగా ఉంది. పన్నుకు అతుక్కుని, బలవంతంగా ఊడితే అక్కడక్కడా పన్ను పొరలు అంటుకోవాలి, లేదా ఫిల్లింగ్ ముక్కలు పన్నులోనే మిగలాలి. రెండూ లేవు. జెల్లీ అచ్చులోంచి జారినట్టు మొత్తం ముక్క శుభ్రంగా వచ్చేసింది.

అది అరగలేదు. అసలు అతుక్కోలేదు.

ఎనిమిది నెలల కింద ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో అప్పుడు గుర్తొచ్చింది. కాకది రెండో షిఫ్టు. "బిడ్డా, జల్ది చెయ్యి, మస్టర్ పోతది" అన్నాడు. బయట ఇంకో నలుగురు కూర్చున్నారు. పన్ను మీద యాసిడ్ జెల్ పెట్టి కడిగాక బాండింగ్ రాయాలి. పన్నుకూ రెసిన్‌కూ మధ్య జిగురు పొర అది. రాసి, గాలి ఊది, లైటు వేయాలి. రెండు మూడు నిమిషాల పని. ఈ కొత్త మందు తనంతట తనే పన్నుకు పట్టుకుంటుందని కరపత్రంలో పెద్ద అక్షరాల్లో ఉంది. ఏ ఆకారం గుంటలో బాండింగ్ తప్పనిసరో చిన్న అక్షరాల్లో ఉంది. నేను పెద్ద అక్షరాలే చదివాను.

కాక నోరు తెరిచి, కళ్ళు నా మీదే పెట్టి ఎదురు చూస్తున్నాడు.

"నీ వక్కపలుకులు కాదు కాకా. మందు మంచిదే. పన్నుకు పట్టించే జిగురు నేను పెట్టలేదు. అవసరం లేదనుకున్న. తప్పు నాది."

కోప్పడతాడనుకున్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా తాన గూడ గంతే" అన్నాడు. తట్టా చెమ్మస్ పోయి మిషన్లు వచ్చాక ఆయన రూఫ్ బోల్టింగ్ పనిలో ఉన్నాడు. పైకప్పు కూలకుండా రాయిలోకి రంధ్రం వేసి, రెసిన్ క్యాప్సూల్ పెట్టి, ఉక్కు బోల్టు తిప్పి బిగిస్తారు. "బోల్టు మంచిదే, రెసిన్ మంచిదే. బొక్కల దుమ్ము కడుగకుంట పెడితె, గుంజి చూసినప్పుడు చేతికొస్తది. అప్పుడు బోల్టును తిడితె ఏం ఫాయిద?"

కాలేజీలో ఐదేళ్ళు చదివి కూడా ఇంత పొట్టిగా ఎవరూ చెప్పలేదు నాకు. అయినా అప్పుడు అది మెచ్చుకునే స్థితిలో లేను. ఊడిన చోట అద్దం పెట్టి చూస్తే, అంచు నుంచి ఉమ్మి లోపలికి దిగి కింద మళ్ళీ పుచ్చు మొదలైంది. ఎక్స్‌రేలో నరానికి చాలా దగ్గరగా ఉంది. చల్లటి దూది తాకిస్తే పన్ను జివ్వుమని, తీసేయగానే తగ్గింది. అంటే నరం బతికే ఉంది. ఇంకో రెండు నెలలు ఆ ముక్క ఊడకుండా అలాగే కూర్చుని ఉంటే రూట్ కెనాల్ దాకా పోయేది. మక్క గుడాలు మేలు చేశాయి.

మెత్తబడిన భాగం తీస్తూ, లోతైన చోట ఏం పెడతానో చెప్పాను. "నరం పక్కన కాల్షియం మందు పెడుత కాకా. దానికింద పన్ను తనే కొంచెం గట్టిపడ్తది."

"కాల్షియమా? నా డబ్బీల గూడ ఉన్నది గదా, సున్నం" అన్నాడు, నోట్లో దూది పెట్టుకునే.

నవ్వాను గానీ ఆయన అన్నది అక్షరాలా నిజం. 1920లో జర్మనీలో హెర్మన్ అనే దంతవైద్యుడు పన్ను లోపల వాడడం మొదలుపెట్టిన కాల్షియం హైడ్రాక్సైడ్, రసాయనంగా తడిపిన సున్నమే. వందేళ్ళు అదే మా వాళ్ళ బయోయాక్టివ్ మందు. ఆ పేరు అప్పటికి పుట్టలేదు, అంతే. ఇప్పుడు నేను పెట్టింది ఎంటీఏ రకం. అది 1990ల్లో వచ్చింది. ఇళ్ళు కట్టే పోర్ట్‌లాండ్ సిమెంటుకు తమ్ముడి లాంటిది. అది గట్టిపడుతూ విడుదల చేసేది కూడా కాల్షియం హైడ్రాక్సైడే. మా ఊళ్ళో సిమెంటు ఫ్యాక్టరీ పెట్టి ఎన్నో దశాబ్దాలైంది. ఫిల్లింగ్‌ను ఇక్కడ అందరూ "సిమెంట్ పెట్టిచ్చుకున్న" అనే అంటారు. ఈసారి ఆ మాట నిజమైంది. అయితే ఇది చదివి ఇంట్లో సున్నం తీసి పంటి మీద పెట్టుకోకండి, చిగురు కాలిపోతుంది.

కాల్షియం మందు పలచగా లోతైన చోటు మాత్రమే. దాని మీద గ్లాస్ ఐనోమర్. లండన్‌లో విల్సన్, కెంట్ అనే ఇద్దరు తయారు చేసి 1972లో లోకానికి చెప్పిన సిమెంటు అది. ఫ్లోరైడ్ ఇస్తుంది, పన్నుకు తనంతట తనే రసాయనంగా పట్టుకుంటుంది, కానీ నమిలే చోట పెడితే త్వరగా అరుగుతుంది. కాబట్టి అది కింద. దాని మీద బాండింగ్. ఈసారి గడియారం చూడకుండా, రబ్బరు షీటు కట్టి, ఉమ్మి తగలకుండా రాశాను. ఆ పైన మామూలు కాంపోజిట్. ఏ అయాన్లూ ఇవ్వదు, ఏ రీల్‌లోనూ కనిపించదు. వక్కపలుకు కింద నిలబడడం ఒక్కటే దాని పని. ఇలా పొరలుగా పెట్టడం కొత్తేం కాదు, 1980ల నుంచి సాండ్‌విచ్ పద్ధతి అని పుస్తకాల్లో ఉంది. నాకూ తెలుసు. తెలిసి కూడా ఒకే మందుతో అన్నీ అయిపోతాయని ఆశపడ్డాను.

నీలం కాగితం పెట్టి కొరికించి, ఎత్తుగా తగిలే చోట్లు సరిచేశాక డబ్బులు వద్దన్నాను. ఆయన ఐదు వందల నోటు బల్ల మీద పెట్టాడు.

"తీస్కో బిడ్డా. ఉత్తగ చేస్తె మల్ల తొందరపడ్తవ్."

ఆ రాత్రి ఇంటర్నెట్‌లో వెతికి చదివాను. ముందే చదవాల్సింది. స్వీడన్, డెన్మార్క్ పరిశోధకులు 2019లో ఒక బయోయాక్టివ్ రెసిన్‌ను దవడ పళ్ళలో సరిగ్గా నేను పెట్టినట్టే పెట్టి చూశారు. యాసిడ్ జెల్, కడగడం, బాండింగ్ లేదు. ఏడాది తిరిగేసరికి దాదాపు నాలుగో వంతు విఫలమయ్యాయి. పక్కనే పోలిక కోసం బాండింగ్‌తో పెట్టిన మామూలు కాంపోజిట్‌లో పోయినవి వందకు రెండు మూడు. ఊడిపోవడం, పన్ను సలపడం, పక్కన మళ్ళీ పుచ్చు రావడం, ఇవీ వాళ్ళు చూసిన కారణాలు. అరుగుదల దాకా పోనేలేదు. నమిలే యంత్రం 12 లక్షల సార్లు కొట్టి చెప్పే మాట నిజమే గానీ, ఆ యంత్రంలో ఫిల్లింగ్ గట్టిగా బిగించి ఉంటుంది. నోట్లో దాన్ని బిగించాల్సింది మేము.

మర్నాడు రిజిస్టర్ తీశాను. ఆ మందును బాండింగ్ లేకుండా ఇంకో పదకొండు మందికి పెట్టాను. అందరికీ ఫోన్ చేశాను. "ఏం నొప్పి లేదు మేడం, ఎందుకు రావాలి?" అన్నారు చాలామంది. ఎందుకో చెప్పాలంటే నా తప్పు చెప్పాలి. మొదటి రెండు ఫోన్లలో "రొటీన్ చెకప్" అన్నాను. మూడో ఫోన్ నుంచి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. విచిత్రంగా, ఉన్నది చెప్పినవాళ్ళే తొందరగా వచ్చారు. తొమ్మిది మంది వచ్చారు. ముగ్గురివి అంచుల్లో లేచి ఉన్నాయి, తీసి మళ్ళీ పెట్టాను. మిగతా ఆరు బాగానే ఉన్నాయి. ఎందుకు బాగున్నాయో కూడా చూశాను. గుంట లోతుగా, లోపల వెడల్పుగా ఉండి, ఫిల్లింగ్ ఆకారం వల్లే పట్టుకుని కూర్చుంది. ఒకాయన దుబాయ్‌లో ఉన్నాడు, సెలవుకు వచ్చినప్పుడు వస్తానన్నాడు. ఇంకొకరి నంబరు పనిచేయడం లేదు. ఆ పేరు పక్కన పెన్సిల్ గీత ఇంకా అలాగే ఉంది.

బయోయాక్టివ్ మందులు వాడడం నేను మానలేదు. పిల్లల పళ్ళకు, చిగురు దగ్గరి గుంటలకు, పుచ్చు మళ్ళీ మళ్ళీ వచ్చే నోళ్ళకు వాడుతున్నాను. నోట్లో పులుపు పెరిగి పీహెచ్ 5.5 దగ్గరకు దిగినప్పుడు ఎనామెల్ ఖనిజం పోగొట్టుకోవడం మొదలవుతుంది. అలాంటి నోట్లో అంచు దగ్గర కొంచెం కాల్షియం, ఫ్లోరైడ్ ఇచ్చే మందు ఉండడం మంచిదే. మీకు ఎవరైనా అది పెడతామంటే పేరు, ధర తర్వాత అడగండి. బాండింగ్ వేస్తారా, ఉమ్మి తగలకుండా ఏం చేస్తారు అని ముందు అడగండి. ఆ ప్రశ్నకు విసుక్కునే డాక్టరు దగ్గర మీకు తొందరే ఎక్కువ దొరుకుతుంది.

ఆరు నెలల తర్వాత కాక చెకప్‌కు వచ్చాడు. కుడి వైపు పన్ను చల్లటి దూదికి బాగానే పలికింది, అంచులు గట్టిగా ఉన్నాయి, పైన కొంచెం మెరుపు తగ్గింది. చెంప లోపలి తెల్ల మచ్చల కోసం కూడా ఎప్పటిలాగే అద్దం తిప్పి చూశాను. తంబాకు మానమని నేను పోరేది పళ్ళ కోసం కాదు, ఆ మచ్చల కోసం. ఆ మాట ఎత్తితే ఆయన కళ్ళు మూసుకుంటాడు.

అద్దం ఎడమ వైపు తిప్పేసరికి, వెనక పన్నులో నల్లగా మెరిసే పాత వెండి ఫిల్లింగ్ కనబడింది. పాదరసం కలిపి చేసేది. యూరప్ దేశాల్లో 2025 జనవరి నుంచి దాన్ని దాదాపు ఆపేశారు. నేను కూడా పెట్టడం లేదు. అంచుల్లో కొంచెం నలిగింది తప్ప చెక్కు చెదరలేదు.

"ఇది ఎప్పుడు పెట్టిచ్చుకున్నవ్ కాకా?"

"నువ్వు బడికి పోయేటప్పుడు. కంపెనీ దవాఖానల." నా చేతిలో అద్దం ఇంకా అక్కడే ఉండడం చూసి నోరు మూసేశాడు. "గీ నల్లదాన్ని మాత్రం ముట్టకు బిడ్డా."